ఇమామ్ గజాలీ: జ్ఞానశిఖరంపై పోయిన మనశ్శాంతి

చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత మన ఇళ్లలో తరచూ వినిపిస్తూ ఉంటుంది. అక్షరం ముక్క రాని తాత హాయిగా నిద్రపోయేవాడు, పెద్ద చదువులు చదివిన మనవడికి కంటిమీద కునుకు ఉండటం లేదని పెద్దలు వాపోతుంటారు. నిజంగానే జ్ఞానం పెరిగేకొద్దీ సంతోషం తరిగిపోతుందా? ఈ ప్రశ్న మనల్ని వేధించినప్పుడు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ) జీవితాన్ని ఒకసారి పరిశీలించడం మంచిది. ఎందుకంటే, తన కాలంలో జ్ఞానశిఖరాన్ని అధిరోహించిన ఆ మహనీయుడు సరిగ్గా ఆ శిఖరం మీదనే మనశ్శాంతిని పోగొట్టుకున్నారు.

గజాలీ హిజ్రీ 450, అంటే క్రీ.శ. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. నేటి ఇరాన్‌లోని మష్హద్ నగరానికి సమీపంలో ఉంది ఆ ప్రాంతం. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే సామాన్యుడు. తనకు చదువు అబ్బలేదన్న బాధతో ఆయన తన కుమారులు ముహమ్మద్, అహ్మద్‌లను చదివించమని మరణానికి ముందు ఒక సూఫీ మిత్రునికి అప్పగించారని జీవితకారులు రాశారు. తండ్రి ఇచ్చిన కొద్దిపాటి సొమ్ము అయిపోయింది. తిండీ వసతీ దొరుకుతాయని అన్నదమ్ములిద్దరూ మదర్సాలో చేరారు. అలా ఆకలి బాధతో మొదలైంది ఆ చదువు.

జుర్జాన్‌లో కొంతకాలం చదువుకొని తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు ఆయన సామాను దోచుకున్నారట. యువకుడైన గజాలీ ధనం కోసం కాక, తాను రాసుకున్న పాఠాల ప్రతుల కోసం దొంగల నాయకుణ్ణి బతిమాలారు. కాగితాలు పోతే పోయే విద్య ఏం విద్య అని వాడు ఎగతాళి చేసి వాటిని తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట గజాలీ మనసులో నాటుకుంది. మూడేళ్లు కష్టపడి ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు.

తర్వాత నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద ధర్మశాస్త్రం, తర్కం అభ్యసించారు. 1085లో గురువు మరణించాక సల్జూక్ సుల్తానుల ప్రధానమంత్రి నిజాముల్ ముల్క్ కొలువులో చేరారు. పండితసభల్లో వాదానికి దిగితే ఆయనకు ఎదురు లేకపోయింది. 1091లో, కేవలం 33 ఏళ్ల వయసులో, బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్య పదవి ఆయన్ని వరించింది. ఆ రోజుల్లో ఒక విద్వాంసునికి అంతకు మించిన గౌరవం లేదు. మూడువందల మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చునేవారు.

అయితే ఆ మేధకు నిలకడ లేదు. ప్రతిదాన్నీ స్వయంగా పరీక్షిస్తే తప్ప నమ్మని స్వభావం ఆయనది. కంటికి నాణెమంత కనిపించే నక్షత్రం భూమికన్నా పెద్దదని గణితం రుజువు చేస్తుంటే, ఇక కంటిని ఎలా నమ్మాలి? కంటిని బుద్ధి సవరించినట్లు, రేపు బుద్ధిని సవరించేది మరొకటి ఉండదన్న భరోసా ఏమిటి? ఈ సంశయం ఆయన్ని దాదాపు రెండు నెలలపాటు పీడించింది. చివరకు అది వాదనతో తీరలేదనీ, దైవం తన హృదయంలో ప్రసరింపజేసిన వెలుగుతో తీరిందనీ ఆయన తన ఆత్మకథ అల్ మున్ఖిజ్ మినద్దలాల్‌లో రాసుకున్నారు.

అంతకన్నా పెద్ద పరీక్ష 1095లో ఎదురైంది. బోధన నుంచి దొరికిన తీరిక వేళల్లో రెండేళ్లలోపే తత్త్వవేత్తల గ్రంథాలన్నీ స్వయంగా చదివి, వారి వాదాలను ఖండిస్తూ తహాఫుతుల్ ఫలాసిఫా రచించారు. కీర్తి మరింత పెరిగింది. అప్పుడు ఆయన తన మనసులోకి తొంగి చూసుకున్నారు. తాను పాఠాలు చెబుతున్నది దైవప్రసన్నత కోసమా, పేరు కోసమా? నిజాయితీగా వచ్చిన సమాధానం ఆయన్ని కుదిపేసింది. పదవి వదిలిపోవాలని ఉదయం నిశ్చయించుకుంటే, సాయంత్రానికి ఆ నిశ్చయం సడలిపోయేది. ఆరు నెలలు ఇలాగే గడిచాయి. ఒకరోజు విద్యార్థుల ముందు నోరు తెరిస్తే మాట రాలేదు. ఆహారం జీర్ణం కావడం మానేసింది. ఇది మనసుకు పట్టిన వ్యాధి అని, మందులతో నయం కాదని హకీములు చేతులెత్తేశారు.

జ్ఞానం మనిషిని దుఃఖపెడుతుంది అనేవారికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదనిపిస్తుంది. కానీ మనం ఇక్కడే ఆగిపోకూడదు. గజాలీని కుంగదీసింది ఆయనకు తెలిసిన విషయాలు కావు. ఆ తెలివిని దేనికోసం వాడుతున్నారో ఆ ఉద్దేశం కుంగదీసింది. గెలవడానికీ, మెప్పు పొందడానికీ వాడిన విద్య ఎంత పెరిగినా దాహం తీరదు. ఆ జబ్బును ఆయనకు పట్టి చూపించింది కూడా జ్ఞానమే.

1095 చివరలో హజ్ యాత్ర పేరుతో ఆయన బాగ్దాద్ విడిచారు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి మిగతా సంపద పంచేశారు. అంతటి పదవిని కాలదన్నుకున్నందుకు జనం తలో మాట అన్నారు. డమాస్కస్‌లో ఉమయ్యద్ మసీదు మినారు ఎక్కి, తలుపు వేసుకొని పగలంతా ఏకాంతంలో గడిపేవారు. అక్కణ్ణుంచి జెరూసలేం, ఆ తర్వాత హెబ్రోన్ వెళ్లారు. హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి వద్ద మూడు ప్రతిజ్ఞలు చేసుకున్నారు: పాలకుల కొలువుకు పోకూడదు, వారి సొమ్ము ముట్టకూడదు, వాదోపవాదాలకు దిగకూడదు. ఆపై హజ్ నెరవేర్చారు.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ సంచార జీవితంలో ఆయన కలం పక్కన పెట్టలేదు. నలభై భాగాల మహాగ్రంథం ఇహ్యా ఉలూమిద్దీన్ ఈ కాలంలోనే రూపుదిద్దుకుంది. అందులో మొట్టమొదటి భాగం జ్ఞానం గురించే. వైద్యం, గణితం సమాజానికి తప్పనిసరి విద్యలని అందులో వివరించారు. వైద్యుడు లేని ఊళ్లలో సైతం అందరూ పదవులు తెచ్చిపెట్టే ధర్మశాస్త్ర వాదాల వెంటే పరుగెత్తుతున్నారని బాధపడ్డారు.

పిల్లల పిలుపు ఆయన్ని తిరిగి స్వస్థలానికి చేర్చింది. అక్కడా ఏకాంతాన్నే కోరుకున్నారు. అయితే మంత్రి ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టడంతో, పదకొండేళ్ల విరామం తర్వాత 1106లో నైషాపూర్‌లో మళ్లీ పాఠాలు మొదలుపెట్టారు. జనం విశ్వాసం బలహీనపడుతుంటే, ఒక మూల ప్రశాంతంగా కూర్చోవడం కూడా సుఖలాలసే కాగలదని ఆయన గ్రహించారు. మనశ్శాంతి కోసం పదవిని వదిలిన మనిషి, బాధ్యత కోసం ఆ ఏకాంతాన్నీ వదులుకున్నారు.

సామాన్య ప్రజల కోసం పారసీ భాషలో రాసిన గ్రంథానికి ఆయన పెట్టిన పేరు కీమియాయె సఆదత్. ఇనుమును బంగారం చేసే రసవాదంలా మనిషిని సౌభాగ్యవంతుణ్ణి చేసే విద్య అని దాని భావం. కంటికి అందమైన దృశ్యం ఎలాగో, హృదయానికి తెలుసుకోవడం అలాంటిదని, తెలుసుకునే విషయం ఎంత గొప్పదైతే ఆనందం అంత గొప్పదని, సృష్టికర్తను తెలుసుకోవడం అన్నిటికన్నా గొప్పదని ఆయన బోధించారు. మాట పడిపోయేంత వేదన అనుభవించిన మనిషి చివరికి తేల్చినది ఇదీ!

1111 డిసెంబర్ 18న తూస్‌లో ఆయన కన్నుమూశారు. ఆ ఉదయం వుజూ చేసి, నమాజు ఆచరించి, కఫన్ తెప్పించుకొని ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారని, అలాగే ప్రాణం విడిచారని సోదరుడు అహ్మద్ తెలిపినట్లు చరిత్రకారులు రాశారు.

చదువు మా బిడ్డ ముఖంలో నవ్వు లేకుండా చేసిందని బాధపడేముందు, మనం వారికి దేనికోసం చదవమని చెబుతున్నామో ఆలోచించాలి. పక్కింటివాడిని మించిపోవడానికి చదవమని నూరిపోస్తే, శిఖరం ఎక్కాక కూడా వారికి నిద్ర పట్టదు. అలాంటప్పుడు పుస్తకం లాక్కోనక్కరలేదు, ఉద్దేశం సరిచేస్తే చాలు. మన చదువులకు మంచి సంకల్పాన్ని, మేలు చేసే జ్ఞానాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.