డాక్టరు బెంజమిన్ హైన్ - ఉదయగిరి సీమ రాగిరాళ్లు

నెల్లూరు నుండి పడమరగా ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు సాగే బాటసారికి మాగాణులు క్రమంగా తగ్గి, మెట్టచేలూ ముళ్లపొదలూ ఎదురవుతవి. దూరాన వెలికొండలు, వాటి నడుమ మూడువేల అడుగుల ఎత్తున ఉదయగిరి దుర్గము. ఆ దుర్గమనగానే గజపతుల సైన్యమూ, 1514లో దానిని జయించిన శ్రీకృష్ణదేవరాయలూ మన మనస్సులకు స్ఫురించుట సహజము. అయితే ఆ సీమలో రాళ్లకు కూడ ఒక చరిత్ర ఉన్నది. గరిమెనపెంట పరిసరాలలో పూర్వులెవరో రాగికై త్రవ్వి విడిచిన గోతులున్నవి. నెల్లూరు, వెంకటగిరి, కాళహస్తి సీమల రాగిని శాస్త్రదృష్టితో పరిశీలించి గ్రంథస్థము చేసిన తొలివారిలో చెప్పదగినవాడు డాక్టరు బెంజమిన్ హైన్.

హైన్ 1770లో జర్మనీలోని సాక్సనీ దేశమున జన్మించినాడు. మొరేవియన్ క్రైస్తవ సంఘముతో తరంగంబాడికి వచ్చి, కొద్దికాలములోనే ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరినాడు. 1793లో రాక్స్‌బరో పండితుడు కలకత్తాకు తరలిపోగా, సామర్లకోటలో ఆయన పెంచిన ఉద్యానము హైన్ చేతికి వచ్చినది. వైద్యము వృత్తి, వృక్షశాస్త్రము ఉద్యోగము. రాళ్లమీది మక్కువ మాత్రము ఆయన సొంతము. ఆ మక్కువతోనే నూజివీడు దగ్గరి రమణక్కపేటలో ఇనుము కరగించే కొలుముల వద్ద నిలిచి, ఆ పనివారి పద్ధతి నంతటినీ వ్రాసికొన్నాడు. కడపవద్ద చెన్నూరు వజ్రపు గనులలో కంకరను కడిగి, నేలపై పరచి, ఎండవెలుగులో కంటితోనే వజ్రాన్ని ఏరే కూలీలను శ్రద్ధగా గమనించినాడు. ఏ పరికరమూ లేని ఆ కూలివాని కన్ను ఎంతటిదో ఆయన గ్రహింపకపోలేదు. తెల్లదొరల సహజాహంకారము ఆయన వ్రాతలలో అక్కడక్కడ తొంగిచూస్తుంది. చూచినదానిని చూచినట్లు వ్రాసిన గుణము దానిని చాలవరకు కప్పివేసినది.

రాగి వ్యవహారములో కంపెనీకి గల ఆసక్తి కేవలము శాస్త్రాసక్తి కాదు. ఆ కాలమున ఇంగ్లండు గనులలోని రాగి ఓడలకెక్కి మన రేవులకు వచ్చేది. నాణెములకూ పాత్రలకూ కావలసిన లోహము ఈ గడ్డపైననే దొరికితే ఆ లాభమెంతో చెప్పనక్కరలేదు. దొరుకుతుందని నమ్మి గనులు త్రవ్వించిన తరువాత దొరకకపోతే ఆ నష్టమూ అంతటిదే. కనుక రాయిని చూచి నిర్ణయము చెప్పవలసినవానిపై భారము పెద్దది.

ఆ నిర్ణయానికి ఆనాటి సాధనములు బహు స్వల్పము. సాక్సనీలోనే ఫ్రైబర్గు గనుల విద్యాలయమున ఆచార్యుడైన వెర్నర్ ఖనిజాలను బాహ్యలక్షణాలనుబట్టి గుర్తించే విధానాన్ని 1774లో గ్రంథరూపాన వెలువరించినాడు. రంగు, మెరుపు, గీటు, గట్టితనము, విరుగుడు తీరు, చేతికి తోచే బరువు - ఇవే దానికి ఆధారములు. మోస్ పండితుని పది మెట్ల కాఠిన్య క్రమము 1812 వరకు రానేలేదు.

వీటిలో తొలుత కంటబడేది రంగు. అందరికన్న ఎక్కువ మోసగించేదీ అదే. రాగి కలిసిన రాయి గాలికీ తేమకూ గురియైనప్పుడు పైన ఆకుపచ్చని పొర కడుతుంది. ఆ పచ్చదనమును చూచి కొండంతయు రాగియేనని భ్రమించినవారు కోకొల్లలు. పిడికెడు లోహముకూడ లేని రాయిమీద సయితము ఆ పొర నిగనిగలాడుతుంది. రాగి లేశమైనను లేని పచ్చరాళ్లూ లేకపోలేదు. గరుకు పింగాణి పలకమీద గీచినచో మాలకైటు లేతపచ్చని గీటునిస్తుంది, చాకుమొనకు లొంగుతుంది, నీటికి నాలుగురెట్లు తూగుతుంది, ఆమ్లపు చుక్క పడితే బుసబుస పొంగుతుంది. మెరిసే మాక్షికముల సంగతి మరింత చిక్కు. బంగారు వన్నెగల రాగిమాక్షికము చాకుకు గీతపడి, పచ్చడాలు గల నల్లని గీటునిస్తుంది. ఇనుపమాక్షికమో, చాకును లెక్కచేయదు సరిగదా గాజునే గీరివేస్తుంది. మెరుపును చూచి మురిసినవానికీ, గీచి చూచినవానికీ భేదమిదే.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట కర్నల్ మెకంజీ మైసూరు సర్వే నారంభించగా, హైన్ దానికి వైద్యుడుగా, ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడైనాడు. బెంగుళూరు లాల్‌బాగు కొంతకాలము ఆయన పర్యవేక్షణలో ఉన్నది. తరువాత ఐరోపాకు పోయి, 1814లో లండనులో తన వ్యాసములను సంపుటిగా ప్రకటించినాడు. రాగిగనులు, వజ్రాలు, ఇనుము, మైసూరు విశేషాలు - అన్నియు అందున్నవి.

ఆయన వెంట కొనిపోయిన రాళ్లలో మైసూరు తూర్పు సరిహద్దున దొరికిన ఒక నల్లగోధుమవన్నె రాగిఖనిజమున్నది. దానిని టామస్ టామ్సన్ అనే రసాయనవేత్త పరీక్షించి, 1814లో రాయల్ సొసైటీ పత్రికలో ఫలితము ప్రకటించినాడు. విశిష్ట గురుత్వము 2.62 మాత్రమే, మాలకైటులో ఉండవలసిన నీరు ఇందులో లేదని ఆయన లెక్క. అయిదింట ఒక పాలు ఇనుప ఆక్సైడు. ఇది కొత్త ఖనిజమని ఆయన నిశ్చయించినాడు. తరువాతివారు దానికి మైసూరు పేర మైసొరిన్ అని నామకరణము చేసినారు.

హైన్ మరల మద్రాసుకు వచ్చి 1819లో అక్కడనే కాలధర్మము చెందినాడు. అప్పటికింకా ఏబదియేండ్లు నిండలేదు. రాక్స్‌బరో ఆయన పేర ఒక వృక్షజాతికి హైనియా అని పేరిడినాడు. ఆయన సేకరించిన మొక్కలను జర్మనీలో రోత్ పండితుడు వర్ణించి 1821లో ప్రకటించినాడు. నెల్లూరు సీమ రాగికై 19వ శతాబ్దిలో పెట్టుబడి పెట్టిన దొరలకు మాత్రము లాభము చేకూరలేదు. మేలైన భాగము పూర్వులే త్రవ్వుకొనిపోయినారని ఆ గోతులే చెప్పుచున్నవి. ఆత్మకూరు, రాపూరు, గూడూరు ప్రాంతాలకు ఖ్యాతి తెచ్చిన ఖనిజము తరువాత వచ్చినది, అది అభ్రకము.

మైసొరిన్ కథ అంతటితో ముగియలేదు. 1879లో భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి మాలెట్ నెల్లూరు జిల్లా నుండి వచ్చిన రాగిరాళ్లను పరిశీలించి, ఆ పేరునే మరల ఎత్తి వ్యాసము వ్రాసినాడు. పిమ్మటి పరిశోధనలలో అది ప్రత్యేక ఖనిజము కాదనీ, మలినములు కలిసిన మాలకైటేననీ తేలినది. నేటి ఖనిజ పట్టికలలో మైసొరిన్‌కు ప్రత్యేక స్థానము లేదు.