మూడోసారి పాసైన సుబ్బారావు గారు



వారానికోసారి మనకు అన్నం తిన్నాక నీలం రంగు మాత్ర ఇస్తారు గదా. కొందరు మింగినట్టు నటించి కిటికీలోంచి పారేస్తున్నారు. నేనూ రెండుసార్లు పారేశాను, ఒప్పుకుంటున్నాను. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని వెనక ఒక తెలుగువాడి కష్టం ఉందని తెలిశాక నాకు సిగ్గేసింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. చిన్నతనంలో చదువు మీద ధ్యాస లేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని పదమూడేళ్ళప్పుడు ఇంట్లోంచి పారిపోతే, తల్లి పట్టి వెనక్కి తెచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో పాసయ్యారు. తరువాత అక్కడే వైద్యం చదివారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఒక తెల్ల ప్రొఫెసరుకు గిట్టలేదు. అందువల్ల పూర్తి డిగ్రీ దక్కలేదు, చిన్న డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

1923లో ఆయన ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బుల్లేవు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. ఆ పని చేయడానికి ఆయన నామోషీ పడలేదు.

అక్కడ ఫిస్క్ అనే ఆయనతో కలిసి కండరాల మీద పరిశోధన చేసి, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ గారు కూడా విడిగా కనుక్కున్నారు.

ఏటీపీ అంటే ఏమిటో మన లెక్కలో చెబుతాను. కళ్ళంలో ఎండిన మిరపకాయల్ని టిక్కీల్లో తొక్కి, లారీకెత్తి గుంటూరు యార్డుకు తోలతారు గదా. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇలాంటి రవాణా జరుగుతూనే ఉంటుంది. ఒకచోట ప్రోటీన్లు తయారవుతాయి. చిన్న చిన్న సంచుల్లోకి ఎక్కి కణం అంచుకు చేరి బయటికి వస్తాయి. అరిగించే రసాలూ, ఇన్సులినూ ఇట్లాగే వస్తాయి. ఈ దారిని తరువాతి కాలంలో పాలడే అనే శాస్త్రవేత్త చూపించి 1974లో నోబెల్ బహుమతి పొందారు. డీజిల్ లేకపోతే లారీ కదలదు. కణంలో ఆ డీజిల్ పని చేసేది ఏటీపీయే అన్నమాట.

ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తం తగ్గే జబ్బుకు అది పనిచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకే ఆయన చేతుల మీదుగా మందు వచ్చింది. వాళ్ళకు మాత్రం అందలేదు.

ఫోలిక్ ఆమ్లం కణంలోకి పోవడానికి వాకిళ్ళలాంటివి ఉంటాయి. అచ్చం దానిలాగే కనిపించే దొంగ పదార్థాలను కూడా ఆయన బృందం తయారుచేసింది. అవి అదే వాకిట్లోంచి లోపలికి పోయి, క్యాన్సర్ కణం పెరగకుండా అడ్డుపడతాయి. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పదహారు మంది పిల్లలకు అలాంటి మందు ఇస్తే పదిమందికి కొంతకాలం నయంగా కనిపించింది. ఆ సంగతి 1948లో అచ్చయింది. ఆ జాతి మందే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుతున్నారు. బోదకాలు జబ్బుకిచ్చే హెట్రజాన్ కూడా ఆయన బృందానిదే.

ఆయన 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. నోబెల్ రాలేదు. 1923లో ఓడెక్కినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఇది తలుచుకుంటే నాకు బాధేస్తుంది. పండక్కి ఇంటికి పంపకపోతేనే మనం ఏడుస్తాం గదా. ఆయన పుట్టి నూరేళ్ళయిన 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

మిత్రులారా, పరీక్ష తప్పినవాళ్ళు బడి మానేసి ఇంటికి పోవద్దు. రెండుసార్లు తప్పిన ఆయనే ఇంతటి పని చేశారు. ఇక నీలం మాత్ర సంగతి. అన్నం తిన్నాక మింగండి, కిటికీలోంచి వేయకండి. నేను మానేశాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థి