స్వదేశీ కలం శిల్పి రత్నంగారు

మహనీయుల జీవితాలు అనగానే మనకు ప్రభువులు, సేనానులు, కవులు, దేశనాయకులు జ్ఞప్తికి వస్తారు. చేతిపనివారు అంత త్వరగా జ్ఞప్తికి రారు. మన సూర్యాపేట చెంతనే ఉన్న పిల్లలమర్రిలో 1208వ సంవత్సరం నాటి ఎరకేశ్వరాలయం ఉన్నది. దానిని కట్టించిన రేచర్ల వంశపు ఎరకసానమ్మ పేరు నేటికీ నిలిచి ఉన్నది. కాని ఆ నల్లరాతిని అద్దమువలె నునుపు చేసిన చేతులు ఎవరివో మనకు తెలియదు. పనివాని పేరు అతని పనిలోనే కరగిపోవటం లోకంలో సర్వసాధారణం. అందుకు భిన్నంగా, చేసిన వస్తువుతోబాటు పేరు కూడా లోకానికి మిగిల్చిన ఒక తెలుగు పనివానిని ఈ వ్యాసంలో స్మరించుకొంటున్నాము. ఆయన రాజమండ్రి రత్నం కలముల నిర్మాత కోసూరి వెంకటరత్నంగారు.

కోదాడ దాటి బెజవాడ మీదుగా సాగే బాట మనలను గోదావరీ తీరానికి చేరుస్తుంది. ఆ తీరాన ఉన్న రాజమండ్రికి 2015 నుండి రాజమహేంద్రవరం అని మరల పాత పేరే వచ్చింది. నన్నయ భారతం తెనిగించినదీ, కందుకూరి వీరేశలింగం పంతులుగారు సంఘసంస్కారం కోసం కలం పట్టినదీ ఆ ఊరిలోనే. వ్రాతకు అంతటి చరిత్ర గల ఊరిలో వ్రాసే పనిముట్టుకు కూడా ఒక చరిత్ర ఏర్పడటం సముచితంగానే తోస్తుంది.

కలం అనే మాట ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదివే మన కళాశాలకు ప్రత్యేకించి ప్రియమైనది. అరబ్బీ భాషలోని ఆ పదం ఉర్దూలోనికి, తెలుగులోనికి వచ్చి రెండింటిలోను స్వంత మాటగా స్థిరపడిపోయింది. పూర్వం తాటాకుపై ఘంటంతో వ్రాసేవారు. ఉర్దూ, ఫార్సీ లేఖకులు రెల్లుపుల్ల కొసను ఏటవాలుగా కోసి, సిరాలో ముంచి వ్రాసేవారు. ఘంటమైనా, రెల్లుకలమైనా మన ఊళ్లలో మన వారు చేసినదే. ఫౌంటెన్ పెన్ను వచ్చిన తరువాత ఈ స్థితి మారింది. అమెరికాలో వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన నాటి నుండి ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం వరకు ఆ కలములు ప్రపంచమంతటా వ్యాపించాయి. మన దేశంలో వకీళ్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు జేబులో పెట్టుకొన్నవి విదేశీ కలములే. ఖద్దరు చొక్కా ధరించినవాని జేబులో సయితం పరదేశపు పెన్నే మెరుస్తూ ఉండేది.

రత్నంగారు స్వర్ణకారవృత్తిలో ఆరితేరినవారు. గురివెందగింజ ఎత్తు బంగారాన్ని కూడా వృథా పోనీయని నైపుణ్యం ఆ వృత్తిలో ఉన్నది. లోహాన్ని కరగించుట, రేకు తీయుట, అతుకు కనిపించకుండ అతుకుట, మెరుగుపెట్టుట ఆయనకు చేతివాటంగా అబ్బిన పనులు. అవి సహాయనిరాకరణోద్యమం దేశమంతటా అలలు రేపుతున్న రోజులు. 1921లో ఆయన గాంధీమహాత్ముని కలిశారనీ, సామాన్యునికి నిత్యం పనికివచ్చే వస్తువునేదైనా ఈ దేశంలోనే తయారుచేయవలసిందని మహాత్ముడు ఆయనకు హితవు చెప్పారనీ ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకొంటున్నారు. గుండుసూది మొదలు కలం వరకు అన్నీ పరదేశాల నుండి వస్తున్న ఆ కాలంలో, రత్నంగారు కలాన్ని ఎంచుకొన్నారు.

ఆ ఎంపిక ఎంత సాహసమో తెలియాలంటే కలం ఎలా పనిచేస్తుందో కొంత తెలియాలి. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేయగా రాయివలె గట్టిపడే పదార్థం ఎబొనైటు. దాని కడ్డీని లేతుపై త్రిప్పుతూ లోపల బోలుగా తొలచాలి. వెలుపల నునుపు చేయాలి. మూతకు, గొట్టానికి మరలు కోయాలి. ఆ మరలు వెంట్రుకవాసి వదులైనా సిరా కారి చొక్కా పాడవుతుంది. పాళీది మరింత కష్టం. బంగారం సిరాకు తుప్పుపట్టదు గాని మెత్తనిది. కాగితంపై రాసి రాసి దాని మొన అరిగిపోతుంది. అందుచేత మొనకు ఇరిడియం వంటి మిక్కిలి కఠినమైన లోహపు కణాన్ని అతికి, నడుమ సన్నని చీలిక వేయాలి. పాళీ క్రింద నాలుక వంటి ముక్క ఒకటి ఉంటుంది. దాని గాడి గుండా సిరా దిగుతుంటే, దిగినంత మేరకు గాలి పైకి పోవాలి. ఆ రెంటికీ పొత్తు కుదరకపోతే కలం వ్రాయనైనా వ్రాయదు, లేదా బొట్లుబొట్లుగా కార్చివేస్తుంది. చూపులకు చిన్న వస్తువే గాని, కంసాలి కన్ను, వడ్రంగి చేయి, శాస్త్రజ్ఞుని ఓర్పు మూడూ ఒకచోట కలిస్తే గాని అది పుట్టదు.

రాజమండ్రిలో రత్నంగారి కలముల పని 1932లో ప్రారంభమయినది. ఆయన తాను చేసిన కలాన్ని మహాత్మునికి కానుకగా పంపారు. కాని అందులో కొన్ని భాగములు విదేశీయములని తెలిసి, దానిని స్వదేశీ కలంగా అంగీకరించటానికి వీలులేకపోయింది. రత్నంగారి జీవితంలో మాకు అన్నింటికంటె విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. తాను దైవసమానునిగా భావించిన వ్యక్తి కాదన్నప్పుడు పనివాని మనస్సు ఎంత క్రుంగునో ఊహించవచ్చు. ముక్కాలు మువ్వీసం స్వదేశీ అయినది చాలదా అని వాదించవచ్చు. నొచ్చుకొని కొలిమి ముందుకు మరల పోకుండా ఉండవచ్చు. లేదా విదేశీ భాగాన్ని మరింత నేర్పుగా మరుగుపరచనూవచ్చు. రత్నంగారు ఈ మూడింటిలో ఏదీ చేయలేదు. మరల పనిబల్ల ముందు కూర్చున్నారు. విదేశీ భాగం లేని కలం తన చేతిలో రూపొందే వరకు లేవలేదు.

1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని భారం వహించిన జె.సి. కుమారప్పగారి ద్వారానే రత్నంగారి కొత్త కలం మహాత్మునికి చేరింది. 1935 జూలై 16వ తేదీన మహాత్ముడు రత్నంగారికి చిన్న ఉత్తరం వ్రాశారు. కలం అందినదనీ, దానిని తాము వాడి చూచితిమనీ, బజారులో దొరికే విదేశీ కలములకు ఇది మంచి బదులుగా కనిపిస్తున్నదనీ దాని సారాంశం. అందులో పెద్ద పొగడ్త ఏమియు లేదు. కాని ఒకమారు కాదన్న చేతులతోనే వ్రాసిన మెప్పు గనుక, ఆ నాలుగు పంక్తులు ఆ ఇంటికి తామ్రశాసనం కంటె ఎక్కువ అయినాయి.

ఆ పిమ్మట రాజమండ్రి కోటగుమ్మం వీధి కలములకు పేరుపడింది. కొన్నవారి పేరును కలంపై చెక్కి ఇవ్వటం అక్కడి ముచ్చట. పరీక్షలో కృతార్థుడైన కుమారునికి తండ్రి, పదవీవిరమణ చేయు గురువుకు శిష్యులు రత్నం కలం బహూకరించటం ఒక ఆచారమైనది.

రత్నంగారి ఇంటికీ కార్మికశాలకూ నడుమ గోడ లేదనవచ్చు. మన పాత వృత్తులన్నింటిలోను తండ్రియే గురువు. పిల్లవాడు ఆటలాడుకొంటూనే ఆకురాయి పట్టుట నేర్చుకొంటాడు. చెవితోనే లేతు ధ్వనిలోని తేడాను పసిగట్టుట నేర్చుకొంటాడు. రత్నంగారు తమ వారికి అప్పగించిన ఆస్తి ఆ విద్యయే. ఆయన తరువాత రత్నం అన్న పేరుతోను, రత్నంసన్ అన్న పేరుతోను ఆ కుటుంబం కలముల తయారీ సాగించింది. బాల్‌పెన్ను వచ్చి, పారవేసే పెన్నులు వచ్చి, వ్రేలితో వ్రాసే ఫోనులు వచ్చిన తరువాత కూడా చేతితో త్రిప్పిన ఎబొనైటు కలం కోసం దూరదేశాల నుండి ఆ ఇంటి తలుపు తట్టేవారు ఉన్నారు. ఒకనాడు విదేశీ కలానికి బదులుగా పుట్టిన వస్తువు నేడు విదేశీయులు కోరి తెప్పించుకొనే వస్తువు కావటం కాలం చేసిన చమత్కారం.

మిర్యాలగూడ ధాన్యపు మిల్లుల పద్దులలోను, మన పరీక్షాపత్రాలలోను ఇప్పుడు సిరా కలం అరుదు. ఆ విషయమై మేము చింతించుట లేదు. ఘంటం పోయి కలం వచ్చినట్లే, కలం స్థానంలో మరొకటి వస్తుంది. కాని వాడే పనిముట్టు ఏదైనా, చేసిన పని తిరిగి వచ్చినప్పుడు రత్నంగారు నడచిన మార్గం మాత్రం పాతబడదు. మన వ్రాతను, మన లెక్కను, మన ప్రయోగాన్ని గురువు చాలదని వెనుకకు ఇచ్చినప్పుడు, లోపమును దాచక, అలుక వహించక, మరల మొదటి నుండి చేయగల ధైర్యం మనకు కలుగునుగాక. మనము కలమని పలికినా, ఖలమ్ అని పలికినా, దానిని పట్టే చేతికి ఆ నిజాయితీయే సిరా కావలెను.