పిల్లాడి భాష నేర్చుకున్న మాస్టారు

పామర్రు దగ్గర ఒక బడిలో స్మార్ట్ టీవీ ఇంటర్నెట్‌కి కనెక్ట్ కావట్లేదంటే, చూసిపెడదామని వెళ్లాను. మూడో తరగతి గది. చివరి వరసలో ఒక అబ్బాయి. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన వాళ్ల పిల్లాడు. టీచర్ ఏమడిగినా నేల చూపులే. వాడు కాస్త డల్ అని చెప్తే నేనూ నమ్మేశాను. ఇంటర్వెల్‌లో వరండాలో చెల్లెలితో గోళీలాడుతూ వాడు ఒరియాలో గడగడా లెక్కపెట్టడం విన్నాక గానీ నా బుర్ర పనిచేయలేదు. వాడికి లెక్కలు వచ్చు. మా భాషే రాదు.

ఆ రోజు నుంచీ నాకు గిడుగు రామమూర్తి గారు తెగ గుర్తొస్తున్నారు. గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేరయ్యే మీకు ఆయన ఒక బిట్. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోతారు. కానీ తెలుగు కోసం పోరాటానికి దిగడానికి చాలా ఏళ్ల ముందే ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. నాకైతే అదే పెద్ద పని అనిపిస్తుంది.

1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారాయన. పన్నెండేళ్ల వయసులో తండ్రి పోయారు. విజయనగరంలో చదువు. అక్కడ క్లాస్‌మేట్ ఎవరనుకున్నారు? గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారుగా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు. ఇల్లు గడవాలి కాబట్టి ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. డిగ్రీ చేతికొచ్చేసరికి ముప్పై దాటాయి. ఇరవై ఆరుకే లైఫ్ అయిపోయిందని స్టేటస్‌లు పెట్టే మన బ్యాచ్‌కి ఈ సంగతి చెప్పాలనిపించింది, అంతే.

పర్లాకిమిడిలో అప్పటికే ఇంటి ముందు ఒక భాష, బజార్లో ఇంకొకటి. తెలుగు, ఒరియా రెండూ కలిసి నడిచే ఊరు. చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉండేవాళ్లు. వాళ్ల భాష తెలుగుకీ ఒరియాకీ చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందింది. కొండ దిగి సంతకి వచ్చినా, కచేరీకి వెళ్లినా మాటా, రాతా అన్నీ పరాయి భాషలోనే. పిల్లల్ని బడికి పంపినా అదే కథ. పుస్తకంలో ఉన్నది వాళ్ల అమ్మానాన్నలకి అర్థం కాదు, ఇంటికెళ్లి అడగడానికి ఉండదు.

ఇక్కడ ఏ మాస్టారైనా చేసే పని ఒకటుంది. ముందు తెలుగు నేర్చుకుని రండి, తర్వాత పాఠం చెప్తాం అనడం. రామమూర్తి గారు దాన్ని తిరగేశారు. తానే సవర నేర్చుకుందామనుకున్నారు. అప్పటికి ఆ భాషకి పాఠ్యపుస్తకం లేదు, కోర్సు లేదు, యూట్యూబ్ సంగతి సరేసరి. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకతన్ని ఇంట్లోనే పెట్టుకుని, మాట మాటా అడిగి రాసుకున్నారు. కొండలెక్కి సవర పల్లెలకి వెళ్లారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగీ మింగీ వినికిడి దెబ్బతింది. చెవులతో పట్టుకోవాల్సిన భాష కోసం ఆ చెవుల్నే పోగొట్టుకున్న మనిషి ఆయన. అయినా పని ఆపలేదు.

ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే ఒక చిన్న ముచ్చట. మనకి పదమూడంటే పది మీద మూడు. సవరలో అది పన్నెండు మీద ఒకటి. పందొమ్మిదంటే పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర మళ్లీ కొత్త లెక్క మొదలై, ముప్పై మూడంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక ఒకటి అవుతుంది. కోడింగ్ వచ్చిన వాళ్లకి వేరే బేస్‌లో లెక్కపెట్టడం అంటే తెలుసు కదా, అలాంటిదే. ఇలా లెక్కపెట్టే ఇంట్లోంచి వచ్చిన పిల్లకి బ్లాక్‌బోర్డు మీద పదులూ ఒకట్లూ గీసి చూపిస్తే తికమకపడుతుంది. దాన్ని తెలివి లేకపోవడం అనేస్తాం. ఇక ధ్వనుల సంగతి: గొంతులో ఊపిరి ఠక్కున ఆగిపోయి పలికే శబ్దం సవరలో ఉంది. దానికి మన అక్షరాల్లో చోటే లేదు.

ఆయన తెలుగు లిపిలోనే సవర పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకి జీతాలిచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే వద్దని, ఆ డబ్బుతో ఆ పిల్లలకే బడి పెట్టమన్నారు. 1913లో మద్రాసు ప్రభుత్వం బిరుదిచ్చింది.

వ్యావహారిక ఉద్యమం ఈ కథలో ఆలస్యంగా వస్తుంది. 1907లో జె.ఎ. యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాక రామమూర్తి గారు తెలుగు పాఠ్యపుస్తకాల భాష మీద గొడవ మొదలుపెట్టారు. 1911లో రిటైరయ్యాక ఫుల్‌టైమ్ అదే పని. 1919లో ఆ వాదం వినిపించడానికే ‘తెలుగు’ అని ఒక పత్రిక నడిపారు. నాకు అనిపించేదేంటంటే, ఇవి రెండు వేర్వేరు పనులు కావు. సవర పిల్లకి తెలుగు ఎంత దూరమో, మామూలు తెలుగు పిల్లాడికి గ్రాంథికమూ కొంచెం అటూ ఇటూగా అంతే దూరం. ఇంట్లో వినని భాషలో బడి పాఠం చెప్పడమనే సమస్యని ఆయన ముందు కొండల్లో చూశారు, తర్వాత మైదానంలో గుర్తుపట్టారు. ఉద్యమం గొడవల్లో పండితులతో ఆయన కాస్త దురుసుగానే ఉండేవారనీ చెప్పాలి. అవతలివాళ్ల పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపిస్తే ఎవరికి నచ్చుతుంది?

సవర మాత్రం వదల్లేదు. సవర వ్యాకరణాన్ని ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. అప్పటికి ఆయనకి దాదాపు డెబ్బై ఏళ్లు. సవర–ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చింది. ఈ మధ్యలో 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. అది ఒప్పుకోలేక, యాభై ఏళ్లకి పైగా ఉన్న ఊరొదిలి రాజమండ్రిలో కొడుకు సీతాపతి గారి దగ్గరికి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆ సరిహద్దు గీత తెలుగువాళ్లనే కాదు, సవరలనీ రెండు ముక్కలు చేసింది. ఇటు పిల్లలకి బడిలో తెలుగు, అటు పిల్లలకి ఒరియా. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకి సొంత లిపి తయారుచేశారు. పేరు సోరంగ్ సోంపెంగ్. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. మీ ఫోన్‌లో సరైన ఫాంట్ ఉంటే కనిపిస్తుంది, వెతికి చూడండి.

చట్టం సంగతికొస్తే, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. సవర, కోయ, గోండి లాంటి భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చాయి. బట్టీల వెంట ఊరూరూ తిరిగే పిల్లాడికి మాత్రం ఆర్నెల్లకో బడి, అసలు బడి ఉంటే. మీలో ఎవరికైనా ఈ దారి పట్టాలనుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం ఉంది, మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది. బీటెక్ చదివిన వాళ్లకీ భాషల టెక్నాలజీలో బోలెడు పని ఉంది. టీచర్ పోస్టుకి చదువుతున్న వాళ్లయితే మీ క్లాసులోకి ఇలాంటి పిల్లాడు ఒక్కడైనా రావచ్చు. వాళ్ల అమ్మానాన్న పేరెంట్స్ మీటింగ్‌కి వస్తే మధ్యలో మాట అందించడానికి ఎవరున్నారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. బట్టీ మేస్త్రీకో, రోడ్డు పక్క టిఫిన్ బండి ఆయనకో రెండు భాషలూ వచ్చుండొచ్చు.

నేను మళ్లీ ఆ బడికి వెళ్లాను. ఈసారి టీవీ పని కాదు. ఫోన్‌లో చూసి ఒరియా అంకెలు ఇరవై దాకా నేర్చుకుని వెళ్లి, వాడి పక్కన కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు దగ్గర తప్పు పలికాను. వాడు తలెత్తి, పగలబడి నవ్వి, సరిచేశాడు.