జాషువ కవి: పొందిన యనుభవము, పొందని యనుభవము

గుంటూరు సీమలో మిరపకాయలు కల్లములలో నెండి బస్తాల కెక్కు నెలలలో, కూలికి పోవు స్త్రీలు వరుసగా గూర్చుండి కాయల తొడిమలు తీయుదురు. సాయంకాలమగునప్పటికి వారి చేతులు మండుచుండును. ఆ కారము కలిపిన యన్నము తినువారికి నాలుకమంట తెలియును గాని యా చేతిమంట తెలియదు. కాయ యొక్కటియే; అనుభవములు రెండు. లోకములో నొకరు పడినది వేఱొకరు పడరు. ప్రతి మనుష్యుని జీవితములోను జరిగినవి కొన్ని, జరుగనివి కొన్ని యుండును. జరిగినవానినే యనుభవములని లెక్కించుట మన వాడుక. కాని జరుగనివి కూడ మనుష్యుని తీర్చిదిద్దునని మన సీమలోనే పుట్టిన యొక మహాకవి జీవితము తెలుపుచున్నది. ఆయన గుఱ్ఱము జాషువ. ఆయన పద్యములను తరగతిలో వల్లించు మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఆ జీవితమును సంగ్రహముగా తెలుప నెంచితిమి.

జాషువ 1895 వ సంవత్సరము సెప్టెంబరు 28 వ తేదీన వినుకొండలో జన్మించెను. అప్పటికి గుంటూరు మండల మింకను ఏర్పడలేదు. అది 1904 లో ఏర్పడెను. 2022 నుండి వినుకొండ పల్నాడు జిల్లాలో చేరియున్నది. తండ్రి వీరయ్య యాదవ కులమునను, తల్లి లింగమాంబ మాదిగ కులమునను పుట్టినవారు. ఆ యింట నవలంబించినది క్రైస్తవ మతము. ఇట్లు ఆ బాలుడు పుట్టుకతోడనే రెండు కులముల నడుమను, రెండు మతముల సరిహద్దునను నిలిచెను. ఇది ఆయన కోరి పొందిన యనుభవము కాదు; పుట్టుకయే యిచ్చినది.

చిన్ననాట జాషువ బొమ్మలు గీయుచు, పాటలు పాడుచు నుండెడివాడు. తరువాత కవిగా పేరొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి బాల్యమిత్రుడగుటచే ఆయనకు పద్యముపై మక్కువ కలిగెను. జూపూడి హనుమచ్ఛాస్త్రి యొద్ద మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము అను కాళిదాసు కావ్యములను చదివెను. ఆ కాలమున దళిత బాలునకు సంస్కృత కావ్యము చెప్పుటకు మనసొప్పిన గురువు దొరకుట సామాన్యము కాదు. ఎన్ని తలుపులు తరువాత మూయబడినను, ఆనాడొక గురువు తెఱచిన తలుపు మాత్రము మరల మూయబడలేదు. ఉపాధ్యాయులమైన మేమును, చదువుకొను మీరును ఈ సంగతిని మనస్సున నుంచుకొనదగును.

1910 లో జాషువకు మేరితో వివాహమైనది. మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతమునకు ఉపాధ్యాయుడుగా నుండెను. ఆ యుద్యోగము పోవుటచే రాజమహేంద్రవరము చేరి, 1915-16 సంవత్సరములలో చలనచిత్ర వాచకుడుగా పనిచేసెను. ఈ పని యెట్టిదో నేటి పిల్లలకు తెలియజెప్పవలసియున్నది. ఆ దినములలో తెఱమీది బొమ్మలు కదలునేగాని మాటలాడవు. మన తెలుగున తొలి మాటల చిత్రము 1932 లో గాని రాలేదు. కావున తెఱమీది కథ కనుగుణముగా సంభాషణములను, కథాభాగమును ఒకడు బిగ్గఱగా చదువుచుండెడివాడు. తెఱమీద రాజు నవ్వినచో వాచకుడు రాజై పలుకవలెను. బిచ్చగాడేడ్చినచో బిచ్చగాడై యేడ్వవలెను. ఇరువదేండ్ల యువకునకు పొట్టకూటికై దొరకిన యీ పని, తాను పడని పాట్లకు తన గొంతు నిచ్చు విద్యను నేర్పియుండునని మా యూహ.

తరువాత ఆయన గుంటూరునకు వచ్చి, లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పది సంవత్సరములు బోధించెను. 1928 మొదలు 1942 వఱకు గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా నుండెను. పగలు పాఠము చెప్పుట, తక్కిన వేళల పద్యము వ్రాయుట, ఇదియే ఆయన దినచర్య. గిజిగాడు, సాలీడు, శిశువు మొదలగు ఖండకావ్యములు ఆయన చూపు ఎంత చిన్నవానిమీద నిలిచెనో తెలుపును. గాలి కూగుచుండు పక్షిగూటిని మనలో చూడనివారెవరు? చూచి నిలిచినవారెందఱు? చూచినంతమాత్రమున అనుభవము కాదు. నిలిచి చూచినదే యనుభవము.

1932 లో వెలువడిన ఫిరదౌసి కావ్యముతో ఆయన కీర్తి తెలుగుదేశమంతటను వ్యాపించెను. ఫిరదౌసి వేయేండ్ల క్రిందటి పారసీక కవి. షానామా యను మహాకావ్యమును రచించినవాడు. గజినీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము నిత్తునని మాటయిచ్చి, కావ్యము ముగిసినపిమ్మట వెండి నాణెములు పంపెననియు, పిదప పశ్చాత్తప్తుడై బంగారము పంపునప్పటికి కవి ప్రాణములు విడిచెననియు ఒక గాథ కలదు. జాషువ ఆ గాథనే తీసికొనెను. ఆ రాజాస్థానమును ఆయన చూచియుండుట కవకాశము లేదు. అది తొమ్మిదివందల యేండ్ల వెనుకటిది. కాని పాటుపడినవాడు తనకు రావలసినదానికై యొకరి గుమ్మము చెంత నిలిచి యెదురుచూచుట యెట్టిదో ఆయన యెఱుగును. ఎఱిగినదానితో నెఱుగనిదానిని కొలుచుట యీ కవి మార్గము. శ్మశానమును గూర్చి యాయన వ్రాసిన పద్యములు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో నటులు పాడగా, అక్షరము రానివారు సైతము విని నేర్చుకొనిరి.

ఇక అవమానముల సంగతి. వినుకొండలో జరిగిన యొక అవధాన సభలో జాషువ పద్యములు చదివెను. పద్యములు బాగుండెనా లేదా యని విచారింపక, తక్కువ కులమువానిని సభలోనికి రానిచ్చినవారెవరని కొందఱు నిందించిరి. ఇట్టివి ఆయన జీవితమున నొక్కటి రెండు కావు. తోడి క్రైస్తవులమైన మనము తల వంచుకొని వినవలసినది మఱియొకటి కలదు. రుక్మిణీకల్యాణము, ధ్రువవిజయము మొదలగు హిందూ గాథలను వ్రాయుచున్నాడను కారణముచే క్రైస్తవ మతపెద్దలును ఆయనను సంఘమునుండి వెలివేసిరి. ఒకవైపువారికి ఆయన అంటరానివాడు; రెండవవైపువారికి ఆయన పరాయివాడు. గుడిలోనికి పోజాలని వానికి సంఘములోను చోటు లేకపోయెను.

ఇట్టి దుఃఖమునుండి 1941 లో గబ్బిలము అను కావ్యము పుట్టెను. బాల్యమున హనుమచ్ఛాస్త్రి చెప్పిన మేఘసందేశ మిచట ఫలించెను. కాళిదాసుని కావ్యములో శాపగ్రస్తుడైన యక్షుడు తన భార్యకు మేఘముచే సందేశము పంపును. జాషువ కావ్యములో దక్షిణదేశపు పేద దళితుడొకడు రాత్రివేళ తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతో తన గోడు చెప్పుకొని, కాశీ విశ్వేశ్వరునకు విన్నవింపుమని వేడుకొనును. మేఘమునకు మాఱుగా గబ్బిలమేల? అది గర్భగుడిలో స్వేచ్ఛగా వ్రేలాడగలదు. పక్షులలో చేరని, మృగములలో చేరని, అపశకునమని జనులు తోలివేయు ప్రాణికి దేవుని సన్నిధి కలదు; మనుష్యునకు లేదు. యక్షుని శాపమునకు ఒక్క సంవత్సరము గడువు కలదు. ఈ పేదవానికి గడువు లేదు. యక్షుడు తన యింటికి దూరమైనవాడు. ఇతడు తన యూరిలోనే యుండి యూరికి దూరమైనవాడు.

ఈ కావ్యమును చదువునపుడు మా మనస్సునకు తట్టునది యొకటి కలదు. కథలోని పేదవాడు గర్భగుడిని చూడలేదు. చూచినట్లు నటింపను లేదు. చూడకపోయినంత మాత్రమున అది తనకు సంబంధింపని విషయమని విడిచిపెట్టను లేదు. తలుపు వెలుపల నిలిచినవానికి లోపలి దీపము తెలియకపోవచ్చును గాని, ఆ తలుపు బరువు లోపలివారికంటె నెక్కుడుగా తెలియును. పొందని యనుభవముకూడ నొక యనుభవమే యని మేము చెప్పుట యిందుచేతనే. ఆ కావ్యము వెలువడునప్పటికి రెండేండ్ల ముందు, 1939 లో, మద్రాసు రాష్ట్రమున దేవాలయ ప్రవేశమునకు తోడ్పడు చట్టమొకటి వచ్చియుండెను. 1947 లో మఱియొక చట్టము వచ్చెను. 1950 లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17 వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. చట్టములు తలుపులకు వేసిన గడియలను తీయగలవు. వెలుపల నిలిచినవాని హృదయ మెట్టిదో లోపలివారికి తెలుపుటకు మాత్రము గబ్బిలమువంటి కావ్యములు కావలెను. అవమానమన నెట్టిదో యెన్నడు నెఱుగని పాఠకులెందఱో ఆ పద్యములు చదివి కంటతడి పెట్టిరి. తాము పడనిదానిని వారు గ్రహింపగలిగిరి. ఒకని యనుభవము మఱియొకనికి చేరుటకు సాహిత్యముకంటె దగ్గఱి దారి మాకు తెలిసినంతలో లేదు.

కాలక్రమమున సన్మానములును వచ్చినవి. తిరుపతి వేంకట కవులలో నొకరును, అవధాన విద్యలో దేశమున పేరుమోసిన పెద్దలును అగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో జాషువ కాలికి గండపెండేరము తొడిగిరి. అవధాన సభలో ఈయన నెవరు రానిచ్చిరని యడిగిన కాలముండెను. అవధానులలో వృద్ధుడైన బ్రాహ్మణ పండితుడే ఈయన పాదము నంటిన కాలమును వచ్చెను. రెండును ఒకే జీవితములో జరిగెను. 1957 మొదలు 1959 వఱకు జాషువ మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ ప్రయోక్తగా పనిచేసెను. 1964 లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడయ్యెను. ఆ సంవత్సరమే ఆయన క్రీస్తు చరిత్రమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. సంఘపు పెద్దలు వెలివేసినను, వారిమీది కోపమును ఆయన క్రీస్తుమీద చూపలేదు. 1970 లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చెను. 1971 వ సంవత్సరము జూలై 24 వ తేదీన గుంటూరులో ఆయన కన్నుమూసెను.

ఇన్ని గౌరవములు పొందిన పిదప వెనుకటి యవమానములు చెల్లిపోయినవని కొందఱు తలపవచ్చును. జాషువ అట్లు తలపలేదు. కీర్తి శిఖరమున నుండియే పద్యములలో నా కథ యను పేర స్వీయచరిత్రము వ్రాసి, సన్మానములతోపాటు పడిన పాట్లనుకూడ చెప్పెను. పూలదండ వేసినంత మాత్రమున మెడమీది పాత గాయము లేనిది కాదు. గాయమున్నంత మాత్రమున దండ అబద్ధమును కాదు. రెంటిని రెండుగా చెప్పగలుగుటయే సత్యవంతుని లక్షణము.

విద్యార్థులారా, మీలో కొందఱు మీ యింట బడి గడప త్రొక్కిన మొదటివారు. మీ తలిదండ్రులు ప్రత్తిచేలలోను, మిరపతోటలలోను పడిన యెండ మీరు పడలేదు. మీరు తెఱచిన పుస్తకమును వారు తెఱువలేదు. ఒకరు పొందినది మఱియొకరు పొందలేదు. సాయంకాలము వారి ప్రక్కను గూర్చుండి, ఆ యెండ యెట్టిదో అడుగుడు. మీరు చదివినదానిని వారికి చెప్పుడు. కలిగిన యింట పుట్టిన పిల్లలారా, మీ ప్రక్క బల్లమీద గూర్చున్నవాడు మీరెఱుగని దేదియో యెఱిగియుండును. అతనిని చూచి నవ్వక, అతని మాట వినుడు. జాషువ పొందిన యవమానమును మీరెవరును పొందకుందురుగాక. పొందలేదను కారణముచే అది తెలియదని మాత్రము చెప్పకుడు. తెలిసికొనుటకు గబ్బిలము మన గ్రంథాలయములలో నున్నది.

ఉపాధ్యాయులమును, తలిదండ్రులమునగు మనము వేసికొనవలసిన ప్రశ్న వేఱొకటి. హనుమచ్ఛాస్త్రి తెఱచినట్టి తలుపు మన చేతిలోను కలదు. వెలివేసినవారు మూసినట్టి తలుపును కలదు. మనయొద్దకు వచ్చు బాలుని విషయమున నేడు మన చేయి దేనిమీద నున్నదో మనమే చూచుకొనవలెను.