రూబెన్ సలజారు

మెక్సికో దేశమునకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమ కొంతమేర రియో గ్రాండే నది సరిహద్దుగా పాఱుచున్నది. దాని దక్షిణపుటొడ్డున హ్వారెజ్, ఉత్తరపుటొడ్డున ఎల్ పాసో అను నగరములు ఎదురెదురుగా నున్నవి. రూబెన్ సలజారు 1928వ సంవత్సరము మార్చి 3వ తేదీన హ్వారెజ్‌లో జన్మించి, పసితనముననే తల్లిదండ్రులతో ఏఱు దాటి ఎల్ పాసోలో పెరిగెను. స్పానిష్, ఇంగ్లీషు భాషలు రెండును ఆయనకు సొంతములయ్యెను.

అమెరికా సైన్యమున పనిచేసి, 1954లో కళాశాల చదువు ముగించి, ఆయన ఎల్ పాసోలో ఒక దినపత్రికకు విలేఖరి యయ్యెను. అచటి చెఱసాలలో ఖైదీలు పడు పాట్లు పరుల నోట వినుటతో ఆయనకు తృప్తి కలుగలేదు. త్రాగుబోతువలె నటించి, పోలీసులకు పట్టుబడి, తానే ఆ చెఱలో నుండి, కన్నదంతయు వ్రాసెను. బాలురారా, ఇట్టి సాహసము అందఱికిని తగినది కాదు. కాని కన్నులార చూడనిది వ్రాయరాదను పట్టుదల ఆయనకెంత గలదో దీనివలన తెలియును.

1959లో ఆయన లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రికలో చేరెను. ఆ నగరపు తూర్పుభాగమున మెక్సికో సంతతివారు వేనవేలుగా నుండియు, వారి కష్టసుఖములు పెద్దపత్రికల కెక్కుట అరుదు. 1963లో సలజారు వారినిగూర్చి వరుసగా వ్యాసములు వ్రాసెను. పిమ్మట వియత్నాం యుద్ధరంగమునకును, మెక్సికో నగరమునకును విలేఖరిగా పోయెను. ఆయన మరలి వచ్చునాటికి ఆ సంతతి యువకులు తమ్ము చికానోలని సగర్వముగా చెప్పుకొనుచు, పౌరహక్కులకై ఉద్యమించుచుండిరి. 1968లో మీవంటి విద్యార్థులే వేలకొలదిగా, మంచి చదువు కావలెనని తరగతులు విడిచి వీథులకు వచ్చియుండిరి.

1970లో సలజారు ఒక స్పానిష్ టెలివిజన్ కేంద్రమున వార్తాధిపతి యయ్యెను. అయినను టైమ్స్ పత్రికకు వారమునకొక వ్యాసము వ్రాయుట మానలేదు. తనవారికి వారి భాషలో చెప్పుట, తనవారినిగూర్చి ఇతరులకు ఇంగ్లీషులో చెప్పుట, ఈ రెండును ఆయన పనులే. ఆయన ఉద్యమనాయకుడు కాడు, విలేఖరి మాత్రమే. పోలీసుల దుండగములను దాచక వ్రాయుటచే అధికారులకు కంటగింపయ్యెను.

ఆ యేడు ఆగస్టు 29న వియత్నాం యుద్ధమునకు ప్రతికూలముగా ఇరువదివేలకు పైబడి చికానోలు ఊరేగి, లగూనా పార్కున కూడిరి. పోలీసులు జనమును చెదరగొట్టగా అల్లరి చెలరేగెను. సలజారు దగ్గఱి వీథిలోని సిల్వర్ డాలర్ అను చిన్న పానశాలలో కూర్చుండెను. లోపల ఆయుధధారి కలడని విని, షెరీఫు దళమువాడొకడు ద్వారముగుండ బాష్పవాయు గుండు కాల్చెను. అది గోడలను సైతము చీల్చునట్టిది. తలకు తగిలి సలజారు తత్‌క్షణమే మరణించెను. అప్పటి కాయన వయస్సు 42 ఏండ్లు. భార్యయు, ముగ్గురు బిడ్డలును గలరు.

బహిరంగ విచారణ జరిగినను ఎవరిపైనను నేరము మోపబడలేదు. 1973లో ప్రభుత్వపక్షమువారు కుటుంబమునకు 7 లక్షల డాలర్లిచ్చుట కొప్పుకొనిరి. కావలెననియే చంపిరని అనేకులు నమ్మిరి. 2011లో వెలువడిన పరిశీలన నివేదిక అందుకు ఆధారము లేదనియు, దళమువారు మాత్రము పొరపాట్లు చేసిరనియు తెలిపెను.

లగూనా పార్కునకు సలజారు పేరు పెట్టబడెను. 2008లో ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువడెను. ఇంతకంటె నాకు ముఖ్యముగ తోచునది వేఱొకటి కలదు. 1963లో ఆయన చేపట్టిన పనినే ఇరువదియేండ్ల పిమ్మట అదే పత్రికలో ఆ సంతతి విలేఖరులును సంపాదకులును పలువురు కలిసి చేసిరి. ఆ వ్యాసములకు 1984లో పులిట్జర్ బహుమానము లభించెను.