మహాయాత్రికుడు హుయాన్‌త్సాంగ్

వాహన సౌకర్యాలు లేని రోజులలో దూరప్రయాణమంటే ప్రాణాలను పణంగా ఒడ్డడమే. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెత తెలుగునాట ఊరకే పుట్టలేదు. బాటసారి ఎంతటి దృఢకాయుడైనా వాన ముంచుకొస్తే ఆగాలి. మంచు దారి మూసివేస్తే ఆగాలి. ఒంట జ్వరం పొడసూపితే ఆగాలి. గమ్యం చేరడానికి నడిచే శక్తి ఎంత అవసరమో, ఆగవలసినచోట ధైర్యం చెడకుండా ఆగగలిగే శక్తి కూడా అంతే అవసరం. క్రీ.శ. ఏడవ శతాబ్దంలో చైనా నుండి భారతదేశానికి వచ్చి, సుమారు 16 సంవత్సరాల తరువాత స్వదేశానికి మరలిన బౌద్ధభిక్షువు హుయాన్‌త్సాంగ్ జీవితం ఇందుకు ఉజ్జ్వలమైన నిదర్శనం. హర్షచక్రవర్తి సన్మానం పొందిన యాత్రికుడుగా అతడు అందరికీ పరిచితుడే. అతని ప్రయాణం ఎక్కడెక్కడ ఆగిందో, ఆగిన చోట అతడేమి చేశాడో తెలుసుకొన్నప్పుడే అతని మహత్త్వం పూర్తిగా బోధపడుతుంది.

హుయాన్‌త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతంలో చైనాలోని లొయాంగ్ నగర సమీపాన ఒక విద్వత్కుటుంబంలో జన్మించాడు. నలుగురు అన్నదమ్ములలో అతడే కనిష్ఠుడు. తండ్రి రాజోద్యోగాన్ని విడిచి గ్రంథపఠనంలో కాలం గడిపిన పండితుడు. అన్నలలో ఒకడు అప్పటికే భిక్షువై లొయాంగ్‌లోని బౌద్ధవిహారంలో ఉండేవాడు. అన్నవెంట విహారానికి వెళ్లి ధర్మశ్రవణం చేసిన బాలునికి అదే జీవితమార్గమైంది. నియమిత వయస్సు రాకపోయినా, అతని ప్రజ్ఞను గుర్తించిన అధికారి అతనికి 13వ ఏటనే విహారప్రవేశం కల్పించాడు. 618లో సూయి రాజవంశం కూలిపోయి దేశంలో అరాచకం ప్రబలినప్పుడు అన్నదమ్ములిద్దరూ విహారం విడిచి చాంగాన్ నగరానికి, అక్కడి నుండి చెంగ్డూకు తరలివెళ్లారు. అక్కడనే హుయాన్‌త్సాంగ్ 20వ ఏట సంపూర్ణ భిక్షుదీక్షను స్వీకరించాడు.

దేశంలోని ఆచార్యులందరినీ ఆశ్రయించి శాస్త్రాలు పఠించిన కొద్దీ అతని సందేహాలు పెరిగాయే కాని తీరలేదు. ఒకే విషయాన్ని ఒక్కొక్క ఆచార్యుడు ఒక్కొక్క రీతిగా వ్యాఖ్యానించేవాడు. చైనా భాషలోని అనువాదాలు అసమగ్రంగాను, పరస్పర విరుద్ధంగాను ఉండేవి. మూలగ్రంథాలను, ముఖ్యంగా యోగాచారభూమి శాస్త్రాన్ని, భారతదేశంలోనే అధ్యయనం చేయాలని అతడు నిశ్చయించుకొన్నాడు. ఆనాడు తాంగ్ ప్రభుత్వం ప్రజలు దేశపు ఎల్లలు దాటడాన్ని నిషేధించింది. అనుమతి లభించకపోయినా అతడు వెనుదీయలేదు. 629లో రహస్యంగా పడమటి దిక్కుకు బయలుదేరాడు. అతడు 627లోనే బయలుదేరినట్లు భావించే చరిత్రకారులూ ఉన్నారు.

పగలు దాగుతూ, రాత్రులు నడుస్తూ సరిహద్దు ప్రాంతం చేరేసరికి అతని గుర్రం చనిపోయింది. ఒక నెలకు పైగా అక్కడ నిలిచిపోవలసి వచ్చింది. తరువాత ఒక వృద్ధుడు ఎడారి దారిని అనేకసార్లు దాటిన తన బక్కచిక్కిన ఎర్రగుర్రాన్ని అతనికి మార్పిడిగా ఇచ్చాడు. ఆ గుర్రంతో ఒంటరిగా గోబీ ఎడారిలో ప్రవేశించిన హుయాన్‌త్సాంగ్, నీళ్లు తాగబోయి పట్టుతప్పి తోలుతిత్తిని జారవిడిచాడు. ఉన్న నీరంతా ఇసుకపాలైంది. కొంతదూరం వెనుకకు మరలి, భారతదేశం చేరేవరకు తూర్పుదిక్కుకు అడుగు వేయనన్న తన ప్రతిజ్ఞను స్మరించి మళ్లీ పడమటికే తిరిగాడు. అయిదు పగళ్లు, నాలుగు రాత్రులు నీటిచుక్క లేక సొమ్మసిల్లిన అతనిని ఆ ముసలిగుర్రమే దారి తప్పించి ఒక నీటిమడుగు చెంతకు చేర్చింది. ఎందుకూ పనికిరాదనిపించిన గుర్రమే అతని ప్రాణదాత అయింది.

ఎడారికి ఆవలనున్న తుర్ఫాన్ రాజు అతని పాండిత్యానికి ముగ్ధుడై తన రాజ్యంలోనే శాశ్వతంగా నిలుపుకోదలచాడు. ఆ ఆదరం నిర్బంధంగా మారడంతో హుయాన్‌త్సాంగ్ అన్నపానాలు విసర్జించాడు. నాలుగవనాటికి అతని ఊపిరి సన్నగిల్లడం చూసి రాజు పశ్చాత్తప్తుడయ్యాడు. ఒక నెలరోజులు ధర్మోపన్యాసాలు చేయాలనీ, తిరుగుప్రయాణంలో మూడు సంవత్సరాలు తన రాజ్యంలో గడపాలనీ కోరి ప్రయాణానికి సమ్మతించాడు. 30 గుర్రాలను, సేవకులను, దారిలోని రాజులకు 24 లేఖలను సమకూర్చి సాగనంపాడు.

అంతటి పరివారమూ ప్రకృతిముందు నిష్ప్రయోజనమే అయింది. కుచా రాజ్యం చేరేసరికి ముందున్న తియాన్‌షాన్ పర్వతాల కనుమలు మంచుతో మూసుకొనిపోయాయి. రెండు నెలలకు పైగా హుయాన్‌త్సాంగ్ అక్కడ నిలిచిపోయాడు. ఆ కాలాన్ని అతడు వృథాగా పోనివ్వలేదు. విహారాలను దర్శించాడు, అక్కడి వృద్ధాచార్యుడైన మోక్షగుప్తునితో శాస్త్రచర్చ చేశాడు, ఆ ప్రాంతపు పంటలను, సంగీతాన్ని, ఆచారాలను గమనించాడు. తరువాతి కాలంలో అతని యాత్రాగ్రంథంలో కుచాను గురించి కనిపించే విశేషాలు మంచు ప్రసాదించిన ఆ విరామ ఫలితమేనని చెప్పవచ్చు.

దారి తెరుచుకొన్నాక ఆ బృందం కొండలెక్కింది. పొడినేల అన్నది కనిపించని ఆ మార్గంలో వంట చేయాలంటే కుండను వేలాడదీయాలి. పడుకోవాలంటే మంచుగడ్డలమీదనే చాప పరచుకోవాలి. దుస్తులు ఎన్ని తొడిగినా వణుకు తగ్గేది కాదు. ఏడు రోజులకు ఆ పర్వతాన్ని దాటేసరికి బృందంలో పదిమందికి ముగ్గురు నలుగురు చొప్పున ఆకలికీ చలికీ బలైపోయారు. ఎద్దులూ గుర్రాలూ అంతకంటె ఎక్కువగా నశించాయి. హుయాన్‌త్సాంగ్ ప్రాణాలతో బయటపడ్డాడు గాని, ఆనాడు శరీరంలో ప్రవేశించిన శీతవ్యాధి అతనిని జీవితాంతం విడువలేదు.

అనంతరం ఇస్సిక్ కుల్ సరస్సు, సమర్‌ఖండ్, బల్ఖ్‌ల మీదుగా అతడు బామియాన్ చేరి, కొండరాతిలో మలచిన మహాబుద్ధ విగ్రహాలను దర్శించాడు. 2001లో ధ్వంసమైన ఆ విగ్రహాల పూర్వవైభవాన్ని నేడు మనం అతని వర్ణన ద్వారా ఊహించుకోవలసి ఉంది. బామియాన్ దాటిన రెండవనాడే దట్టమైన హిమపాతంలో దారి తప్పగా, వేటగాళ్లు అతనికి మార్గం చూపారు. కపిశ నగరంలో అతడు వర్షావాసం గడిపాడు. వానకాలంలో భిక్షువులు సంచారం మాని ఒకేచోట అధ్యయన ధ్యానాలతో గడపాలన్నది బుద్ధుని కాలం నుండి వచ్చిన నియమం. వాన దారిని ఆపుతుంది. ఆ ఆగిన కాలాన్ని విద్యాకాలంగా మలచుకోవడమే వర్షావాసంలోని అంతరార్థం. హుయాన్‌త్సాంగ్ ఆ నియమాన్ని వానకాలానికే పరిమితం చేయక తన యాత్ర అంతటికీ అన్వయించుకొన్నాడు. కాశ్మీరంలో రెండు సంవత్సరాలు, చీనభుక్తిలో 14 నెలలు, జలంధరంలో నాలుగు నెలలు ఆగి, ప్రతిచోటా ఒక ఆచార్యుని ఆశ్రయించి శాస్త్రాలు నేర్చుకొన్నాడు.

ప్రతికూల వాతావరణమే అతనిని కాపాడిన సందర్భం కూడా ఒకటుంది. అయోధ్య నుండి గంగానదిపై పడవలో ప్రయాణిస్తున్నప్పుడు దొంగలు అతనిని పట్టుకొని, దుర్గాదేవికి బలి ఇవ్వదలచి వేదిక సిద్ధం చేశారు. తోడి ప్రయాణికులు విలపిస్తుండగా హుయాన్‌త్సాంగ్ కన్నులు మూసి ధ్యానమగ్నుడయ్యాడు. అంతలో పెనుగాలి లేచి చెట్లు విరిగాయి; ఇసుక చెలరేగింది; పడవలు తలక్రిందులయ్యాయి. దైవాగ్రహమని భీతిల్లిన దొంగలు అతని పాదాలపై వ్రాలి విడిచిపెట్టారు.

ఎట్టకేలకు అతడు నాలందా మహావిహారం చేరుకొన్నాడు. అక్కడి ప్రధానాచార్యుడు శీలభద్రుడు వయోవృద్ధుడు. ఆయన కాళ్లు చేతుల కీళ్లనొప్పులతో ఇరవై యేండ్లకు పైగా బాధపడుతూ, ఒక దశలో నిరాహారంతో దేహత్యాగం చేయ సంకల్పించాడు. చైనా నుండి ఒక భిక్షువు రానున్నాడనీ, అతనికి శాస్త్రం బోధించడానికి జీవించి ఉండాలనీ స్వప్నంలో ఆదేశం కలుగగా ఆ ప్రయత్నం విరమించాడని హుయాన్‌త్సాంగ్ జీవితచరిత్ర చెబుతున్నది. వ్యాధిపీడితుడైన ఆ గురువు పాదాలచెంత, మంచుకొండల రోగాన్ని మోసుకొచ్చిన ఈ శిష్యుడు సుమారు అయిదేండ్లు యోగాచారభూమి శాస్త్రం మొదలైన గ్రంథాలను అధ్యయనం చేశాడు.

తెలుగుదేశానికి అతని రాక కూడా తుఫానుల భయం వల్లనే సిద్ధించింది. సింహళానికి వెళ్లగోరి అతడు వంగదేశంలోని తామ్రలిప్తి రేవు చేరాడు. సముద్రంపై పెనుగాలుల ప్రమాదం అధికమనీ, భూమార్గంలో దక్షిణానికి నడిచి అక్కడి నుండి మూడురోజుల ఓడప్రయాణంతో సింహళం చేరడం క్షేమమనీ ఒక దక్షిణాది భిక్షువు సలహా ఇచ్చాడు. ఆ మాట మన్నించి హుయాన్‌త్సాంగ్ ఓఢ్ర, కళింగ, కోసల దేశాల మీదుగా 639 ప్రాంతంలో ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. అప్పటికి ఇక్కడ తూర్పు చాళుక్యుల పాలన ఆరంభమై ఎంతో కాలం కాలేదు. ఆంధ్ర రాజధానిగా అతడు పేర్కొన్న నగరం ఏలూరు సమీపంలోని వేంగి అని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి వారి భాష మధ్యదేశపు భాషకంటె భిన్నమైనదనీ, లిపి పద్ధతి మాత్రం చాలావరకు సమానమేననీ అతడు నమోదు చేశాడు. తరువాత ధాన్యకటక దేశం చేరి, కొండలపై వెలసిన పూర్వశైల, అపరశైల విహారాలను చూశాడు. ఒకనాడు వైభవోపేతమైన అనేక విహారాలు అప్పటికే పాడుబడి ఉండటాన్ని గమనించాడు. అయినా విద్య కోసం అక్కడ కొన్ని నెలలు ఆగాడు. ఇద్దరు స్థానిక భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని అభ్యసించి, ప్రతిగా వారికి మహాయాన శాస్త్రాలను బోధించాడు. ఓడ ఎక్కి ఉంటే తెలుగునేలను గురించిన ఈ అమూల్య సాక్ష్యం మనకు దక్కేది కాదు.

కాంచీపురం చేరాక సింహళంలో రాజు మరణించాడనీ, కరవు, కల్లోలం నెలకొన్నాయనీ అక్కడి నుండి వచ్చిన భిక్షువుల వల్ల తెలిసింది. అంతదూరం నడిచివచ్చిన ఆశయాన్ని అతడు అక్కడనే విడువవలసి వచ్చింది. పశ్చిమ భారతం మీదుగా నాలందాకు మరలి, హర్షుడు కన్యాకుబ్జంలో ఏర్పాటు చేసిన మహాసభలో పాల్గొని, 643లో స్వదేశానికి బయలుదేరాడు.

తిరుగుప్రయాణమూ నిరాటంకంగా సాగలేదు. సింధునది నడుమ గాలికి అలలు లేచి పడవ ఒరిగిపోగా, 50 గ్రంథప్రతులు, సేకరించిన పూలవిత్తనాలు నీటిపాలయ్యాయి. నశించిన గ్రంథాలకు మారుప్రతులు వ్రాయించడానికి అతడు 50 రోజులకు పైగా ఆవలిగట్టున ఆగాడు. పామీరు పీఠభూమి దాటాక దొంగల దాడిలో, బహుమతిగా లభించిన ఏనుగు నీటమునిగి చనిపోయింది. ఖోతాన్‌లో చక్రవర్తి అనుమతి కోసం ఏడెనిమిది నెలలు నిరీక్షిస్తూ అక్కడివారికి శాస్త్రబోధ చేశాడు. అయితే ఏ విరామమూ పూరించలేని లోటు ఒకటి మిగిలింది. తుర్ఫాన్ రాజుకు మాట ఇచ్చిన మూడు సంవత్సరాల నివాసం నెరవేరనే లేదు. 640లోనే తాంగ్ సైన్యం ఆ రాజ్యాన్ని జయించింది. ఆ రాజు అంతకు ముందే మరణించాడు. తనను సాగనంపిన స్నేహితుని ఋణం హుయాన్‌త్సాంగ్ తీర్చుకోలేకపోయాడు.

645లో చాంగాన్ ప్రజలు అతనికి ఘనస్వాగతం పలికారు. అతడు తెచ్చిన గ్రంథాలు 657. ఒకనాడు ఆజ్ఞ మీరి వెళ్లిన భిక్షువును చక్రవర్తి తైజోంగ్ ఆదరించి ఉన్నతపదవి ఇవ్వజూపగా, అతడు వినయంగా తిరస్కరించి అనువాదకార్యానికి పూనుకొన్నాడు. 646లో చక్రవర్తి కోరికపై తన యాత్రావిశేషాలను గ్రంథస్థం చేయించాడు. 656లో పాత శీతవ్యాధి విజృంభించి అతనిని మృత్యుముఖానికి నెట్టింది. రాజవైద్యుల చికిత్సతో కోలుకొని తిరిగి లేఖిని చేతబట్టాడు. బలహీనమైన ఆ దేహంతోనే 660 నుండి 663 వరకు శ్రమించి 600 భాగాల మహాప్రజ్ఞాపారమితను అనువదించాడు. మొత్తం మీద 75 గ్రంథాలను చైనాభాషలోకి తెచ్చి, 664లో తనువు చాలించాడు.

అతడు అనువదించిన శాస్త్రాలలో కొన్నింటి సంస్కృతమూలాలు కాలగర్భంలో కలిసిపోయాయి. వాటి సారం చైనా అనువాదాలలోనే నిలిచి ఉంది. అతని యాత్రాగ్రంథం ఆధారంగానే 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మన దేశంలోని అనేక ప్రాచీన బౌద్ధక్షేత్రాల ఉనికిని గుర్తించాడు. మంచు, గాలి, వ్యాధి హుయాన్‌త్సాంగ్ ప్రయాణాన్ని ఆపగలిగాయి. అతని అధ్యయనాన్ని ఆపలేకపోయాయి. తోడి బాటసారుల ప్రాణాలు, తన ఆరోగ్యం, మిత్రునికి ఇచ్చిన మాట – ఇంతటి మూల్యం చెల్లించి అతడు సంపాదించిన జ్ఞానం రెండు మహాదేశాల ఉమ్మడి సంపదగా నిలిచింది. అనుకోని ఆటంకంతో ఆగవలసి వచ్చినప్పుడు ఆ కాలాన్ని ఎలా సద్వినియోగం చేసుకోవాలో విద్యార్థులు ఈ మహాయాత్రికుని జీవితం నుండి నేర్చుకోవచ్చు.